దౌత్యం చదువూ, దౌత్యం కొలువూ



మాస్టారి స్మారక నిధి పేరున మాట్లాడటానికి ఈ కాలేజీకి వచ్చాను కనుక ఒక స్మారక నిధి కథే ముందు చెప్తాను. వేల్స్‌లో అబెరిస్ట్‌విత్ అని సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరి కాలేజీలో చదివిన కుర్రాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లారు. చాలామంది తిరిగి రాలేదు. డేవిడ్ డేవిస్ అనే సంపన్నుడు, ఆయన ఇద్దరు చెల్లెళ్లు కలిసి 1919లో ఆ కాలేజీకి ఇరవై వేల పౌండ్లు ఇచ్చారు. పోయిన పిల్లల జ్ఞాపకంగా వాళ్లు అడిగింది శిలాఫలకం కాదు, దేశాల మధ్య వ్యవహారాలను చదివి పాఠం చెప్పే ఒక ఆచార్య పదవి. అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలో ఏర్పడిన మొదటి పీఠం అది. ఈ పూట మనం మాట్లాడుకోబోయే చదువు పుట్టిందే స్మారక నిధి నుంచి. మాస్టారు బతికుంటే ఈ సంగతికి ముసిముసిగా నవ్వేవారు. జిల్లా కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తూ, మూడు రోజులు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పత్రికలోంచి విదేశీ వార్తలు కత్తిరించి గోడకు అంటించిన మనిషి ఆయన.

అదే 1919లో అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ వాల్ష్ అనే జెసూట్ ఫాదరీ విదేశీ సేవా పాఠశాల పెట్టాడు. అక్కడి లక్ష్యం వేరు. విదేశాల్లో వ్యాపారానికీ, రాయబార కార్యాలయాలకూ మనుషుల్ని తయారు చేయడం. తమాషా ఏమిటంటే, అమెరికాకు వృత్తిగా చేసుకునే విదేశాంగ సేవ చట్టప్రకారం ఏర్పడింది 1924లో. ఉద్యోగం కంటే అయిదేళ్ల ముందే దానికి బడి వచ్చింది.

ఈ రెండింటికంటే పాతది వియన్నాది. 1754లో మరియా థెరిసా మహారాణి అక్కడ ప్రాచ్య విద్యాలయం పెట్టించింది. కుర్రాళ్లను చేర్చుకుని టర్కీ, అరబ్బీ, పారశీక భాషలు నేర్పేవారు. ఇస్తాంబుల్‌లో సుల్తాను కొలువుతో మాట్లాడాలంటే పరాయి దుబాసీల దయమీద బతకాల్సి రావడం ఆ రాజ్యానికి నచ్చలేదు. దుబాసీల మహిమ ఎంతటిదో మద్రాసు, మచిలీపట్నాల కుంఫిణీ చరిత్ర తెలిసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

యుద్ధాలు ఎందుకొస్తాయో చదవడం అబెరిస్ట్‌విత్ పద్ధతి. కొలువుకు తయారు చేయడం జార్జ్‌టౌన్ పద్ధతి. ముందు ఎదుటివాడి భాష నేర్చుకోమనడం వియన్నా పద్ధతి. నా ఓటు వియన్నాకే. ఎందుకన్నది చెప్పడానికే ఈ ఉపన్యాసమంతా.

మన దేశంలో ఈ చదువు ఢిల్లీలో మొదలైంది. 1943లో ఏర్పడ్డ భారత ప్రపంచ వ్యవహారాల మండలి, స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే, 1947 మార్చిలో పురానా ఖిల్లాలో ఆసియా సంబంధాల మహాసభ జరిపించింది. ఆ మండలి ఆధ్వర్యంలోనే 1955లో సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పుట్టింది. అప్పాదొరై గారు దానికి తొలి డైరెక్టరు. 1970లో అది కొత్తగా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కూడా 1956లోనే ఈ శాఖ తెరిచింది.

తర్వాత 1962 వచ్చింది. చైనాతో యుద్ధంలో తగిలిన దెబ్బకు, పొరుగువాళ్ల గురించి మనకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. యూజీసీ ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. అట్లా దేశంలో ఒక్కో విశ్వవిద్యాలయానికి ప్రపంచంలో ఒక్కో మూల దక్కింది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాలను తీసుకుంది. ఉస్మానియా హిందూ మహాసముద్రాన్ని తీసుకుంది. ఉస్మానియా ఆవరణలోనే 1964లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వచ్చింది. అక్కడి పుస్తకాల కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు రైలెక్కి వచ్చేవారు. తెలుగునాట ఈ చదువు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. దాన్ని మనం ఏం చేసుకున్నామన్నదే ప్రశ్న.

ఈ చదువు లేని రోజుల్లో దౌత్యం ఎవరు చేశారు? మన తెలుగు విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లు చేశారు. హాస్యానికి అనడం లేదు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వదలకుండానే మూడేళ్లు ఆ పని చేశారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అలీ యావర్ జంగ్ 1952లో అర్జెంటీనాకు వెళ్లి, ఆ తర్వాత ఈజిప్టు, యుగోస్లావియా, ఫ్రాన్సు, అమెరికాల్లో రాయబారిగా చేశారు. కార్మిక నాయకుడు వి.వి. గిరి సిలోనుకు మన మొదటి హైకమిషనర్. తోటల్లో పనిచేసే భారతీయ కూలీల పౌరసత్వమే అక్కడ పెద్ద తగాదా. కార్మికుల గోడు ఎరిగినవాణ్ని పంపాలని తట్టిన బుర్రకు నేనిప్పటికీ దణ్ణం పెడతాను.

మరోదారిన వచ్చినవాడు కె.ఆర్. నారాయణన్. కేరళలో ఉళవూరు అనే పల్లెలో పేద దళిత కుటుంబంలో పుట్టి, ఇంగ్లీషు సాహిత్యం చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో హెరాల్డ్ లాస్కీ దగ్గర చదువుకున్నాడు. లాస్కీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని నెహ్రూను కలిశాడు. 1949లో విదేశాంగ సేవలో చేరాడు. థాయ్‌లాండ్, టర్కీ, చైనాల్లో రాయబారిగా చేసి, జేఎన్‌యూకు వైస్ ఛాన్సలర్ అయ్యాడు. అక్కణ్నుంచి వాషింగ్టన్, చివరికి రాష్ట్రపతి భవన్. ఇది గొప్ప కథే. అయితే లాస్కీ దగ్గరిదాకా వెళ్లే అవకాశం ఎంతమంది ఉళవూరు పిల్లలకు ఉంటుంది? ఉత్తరం మీద ఉద్యోగం దొరికే కాలం పోవడం మంచిదే అయింది. పరీక్షకు ఎన్ని లోపాలున్నా అది లాస్కీ తెలిసినవాణ్నీ తెలియనివాణ్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతుంది.

అందరినీ కూర్చోబెడుతుందన్న మాట మీద కూడా ఒక మచ్చ ఉంది. 1949లో పరీక్ష నెగ్గి విదేశాంగ సేవలో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివిన కొడగు అమ్మాయి. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని ఆమె చేత రాయించుకున్నారు. మగ అధికారులకు అలాంటి షరతు లేదు. పదోన్నతి దగ్గర తనను పక్కనపెట్టినప్పుడు ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో ఆ నిబంధనల మీద పడ్డ అక్షింతలు చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పెళ్లైన స్త్రీ సేవకు పనికిరాదనే నియమం రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధమని ఆయన తేల్చిచెప్పాడు. ఇవాళ ఈ హాల్లో సగానికి పైగా అమ్మాయిలున్నారు. వాళ్లు ఈ తీర్పు ఒకసారి పూర్తిగా చదవాలి. చిన్నదే, గంటలో అయిపోతుంది.

సరే, అసలు ప్రశ్నకు వస్తాను. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ జూన్ నెలలో చేరే పిల్లలూ, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల నాన్నలూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఈ ఎం.ఏ. చేస్తే ఐఎఫ్‌ఎస్ వస్తుందా?"

రాదు. ఈ మాట ముందే చెప్పేయడం మర్యాద. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు ఏ డిగ్రీ అయినా చాలు. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షలో వచ్చిన ర్యాంకు, అభ్యర్థి రాసిచ్చిన సర్వీసుల వరస, ఈ రెండే లెక్క. మెయిన్స్ 1750 మార్కులకు, ఇంటర్వ్యూ 275కి. అంతర్జాతీయ సంబంధాలు జనరల్ స్టడీస్ రెండో పేపర్లో ఒక భాగం మాత్రమే. రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు ఐచ్ఛికంగా తీసుకుంటే 500 మార్కుల మేరకు చదివిన చదువు పనికొస్తుంది. మిగతాదంతా చరిత్ర, భూగోళం, ఆర్థికం, పాలన, నీతిశాస్త్రం, వ్యాసం. ఈ సేవ నుంచే వచ్చిన మన విదేశాంగ మంత్రి జైశంకర్ జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేశారు. విదేశాంగ కార్యదర్శిగా చేసిన నిరుపమా రావు చదివింది ఇంగ్లీషు సాహిత్యం. ఇప్పటి బ్యాచ్‌లలో ఇంజనీర్లు, డాక్టర్లు బోలెడుమంది. వీళ్లెవరూ ఎవరికన్నా తక్కువ దౌత్యవేత్తలని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

సీట్ల సంగతి కూడా వినండి. 2019 పరీక్షలో ఎంపికైన 829 మందిలో ఐఎఫ్‌ఎస్‌కు కేటాయించిన ఖాళీలు 24. 2023 పరీక్షలో 1016 మందికి 37. దేశం మొత్తానికి, లక్షల దరఖాస్తులకు, అవే. ఇంత పెద్ద దేశానికి ఐఎఫ్‌ఎస్ అధికారులు వెయ్యిమందికి కాస్త అటూ ఇటూ. వాళ్లే ఢిల్లీ కార్యాలయాన్నీ, ప్రపంచమంతటా రెండు వందల దాకా ఉన్న రాయబార, కాన్సులేట్ కార్యాలయాలనూ నడపాలి. సేవను పెంచాలని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్తూనే ఉంది. పెరిగినా, ఈ హాల్లో కూర్చున్నవాళ్లందరికీ సరిపడేంత ఎప్పటికీ పెరగదు.

భాష అడ్డమన్న భయం మాత్రం వదిలేయండి. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. 2016 పరీక్షలో శ్రీకాకుళం జిల్లా యువకుడొకరు తెలుగులో రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు. ఆయన వెళ్లింది ఐఏఎస్‌కు. కలెక్టరు ఉద్యోగం మీద మన మోజు తెలిసిందే. ఇంట్లోవాళ్లకు కలెక్టరంటే కళ్లెదుట కనిపిస్తాడు. మడగాస్కర్‌లో సెకండ్ సెక్రటరీ ఏం చేస్తాడో పెళ్లిచూపుల్లో చెప్పడం కష్టం.

ఎం.ఏ.తో ఐఎఫ్‌ఎస్ రానప్పుడు మరి ఈ శాఖలెందుకు? ఇక్కడే మనవాళ్లు ఒక తప్పుడు జవాబు ఇచ్చుకున్నారు. చాలాచోట్ల ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అంటే హాస్టలు గది, లైబ్రరీ కార్డు, రెండేళ్ల గడువు. పొద్దున హాజరు వేయించుకుని పిల్లలు కోచింగ్ నోట్సు ముందు కూర్చుంటారు. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ, ఢిల్లీలో రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ అసలు విశ్వవిద్యాలయాలైపోయాయి. సిలబస్ కమిటీలో మేం కూడా "ఇది యూపీఎస్సీకి పనికొస్తుందా" అని అడగడం మొదలుపెట్టాం. ఫలితం ఏమిటంటే, మాస్టర్స్ చేసిన కుర్రాడికి క్వాడ్ మీద పది పాయింట్లు, బ్రిక్స్ మీద పది పాయింట్లు నోటికి వచ్చు. ఒక్క దేశం గురించి కూడా, ఆ దేశపు పత్రిక చదివి, ఆ దేశస్థుడితో మాట్లాడి తెలుసుకున్నది లేదు. పరీక్ష నెగ్గని వేలమందికి ఆ పది పాయింట్లు ఎందుకూ కొరగావు.

నమూనా ఐక్యరాజ్యసమితి పోటీల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఏప్రిల్ ఎండలో కోటు, టై బిగించుకుని "గౌరవనీయ ప్రతినిధి" అనుకుంటూ పిల్లలు తిరుగుతుంటే ముచ్చటగానే ఉంటుంది. మాట్లాడే జంకు పోతుంది, నిజమే. కానీ సెనెగల్ ప్రతినిధిగా నిలబడ్డ పిల్లను సెనెగల్‌లో ఏ భాషలు మాట్లాడతారని అడిగి చూడండి.

అసలు ఐక్యరాజ్యసమితిలో పని ఎలా ఉంటుందో చూపడానికి 2017 నవంబరు చాలు. అంతర్జాతీయ న్యాయస్థానంలో చివరి సీటుకు మన దల్వీర్ భండారీకీ, బ్రిటన్ అభ్యర్థికీ పోటీ. జనరల్ అసెంబ్లీలో మనకు మెజారిటీ, భద్రతా మండలిలో వాళ్లకు. రెండుచోట్లా నెగ్గితేనే సీటు. రౌండు మీద రౌండు నడిచింది. చివరికి బ్రిటన్ తప్పుకుంది. ఆఖరి ఓటింగులో అసెంబ్లీలో 193 ఓట్లలో 183 మనకు వచ్చాయి. 1946 తర్వాత బ్రిటన్ న్యాయమూర్తి లేని కోర్టు అదే మొదటిసారి. అప్పుడు న్యూయార్కులో మన శాశ్వత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్, హైదరాబాదు మనిషి, ఉస్మానియా జర్నలిజం ఆచార్యుడి కుమారుడు. ఆ తర్వాత హైదరాబాదులోనే గీతం వారి కౌటిల్య స్కూలుకు డీన్ అయ్యారు. నేను చెప్పదలచుకున్నది ఆ 183 గురించి. అసెంబ్లీలో అమెరికా ఓటుకూ, పసిఫిక్‌లో పదివేల జనం ఉన్న టువాలు ఓటుకూ తేడా లేదు. మన శాఖల్లో మాత్రం థీసిస్‌లు అమెరికా మీద, చైనా మీద, పాకిస్తాన్ మీద. పసిఫిక్ దేశాల కోసమే కేంద్రం ఉన్న తిరుపతి మన చేతిలో ఉంది!

మనకు సొంతంగా దారి చూపే దేశాలు కొన్ని ఉన్నాయి. మారిషస్, ఫిజీ, మలేసియా, మయన్మార్, దక్షిణాఫ్రికా. చెరుకు తోటలకూ, రబ్బరు తోటలకూ, రేవు పనులకూ వెళ్లిన మన తాతలు అక్కడ ఊళ్లు కట్టుకున్నారు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి. వెళ్లాం, పద్యాలు పాడాం, శాలువాలు కప్పించుకున్నాం, వచ్చాం. మారిషస్ ఆర్థిక వ్యవస్థ గురించి, మలేసియా ఎన్నికల గురించి నిఖార్సుగా తెలిసిన తెలుగు పరిశోధకులు ఎంతమంది తయారయ్యారంటే నేను తల దించుకోవాల్సిందే.

ఇప్పుడు వియన్నా దగ్గరికి వస్తాను.

దౌత్యం అనగానే మనకు రెండు జెండాలు, ఒక బల్ల, కరచాలనం గుర్తొస్తాయి. కొత్తగా చేరిన అధికారికి తొలి ఏళ్లలో చేతికొచ్చే పని వేరు. ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, ఢిల్లీలో సుష్మా స్వరాజ్ విదేశీ సేవా సంస్థలో శిక్షణ అయ్యాక, థర్డ్ సెక్రటరీగా విదేశంలో వేస్తారు. అక్కడ కేటాయించిన భాష నేర్చుకుని పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. భాషకు ప్రభుత్వం ఇచ్చే విలువ అది. ఇక గల్ఫ్‌లోని కార్యాలయాల్లో పని చూడాలంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, రాయచోటి, కోనసీమ ప్రాంతాల మనుషుల్ని అడగాలి. అకామా, అంటే నివాస అనుమతి, గడువు దాటిపోయి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు, అయినవాడికి ఇంటికి రావడానికి ఔట్‌పాస్ కావాలి. జీతం ఎగ్గొట్టిన కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, మీద లేబర్ కోర్టులో కేసు ఉంది. జైల్లో ఉన్నవాణ్ని వెళ్లి చూడాలి. చనిపోయినవాడి శవం ఊరికి చేరాలంటే ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, ఇంటివాళ్ల అంగీకారం, పాస్‌పోర్టు రద్దు, కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అన్నీ కుదరాలి. అక్కడి ప్రభుత్వ కాగితాలన్నీ అరబ్బీలోనే. ఇటు ఫోనులో ఏడ్చే భార్య మాట్లాడేది తెలుగు. ఈ రెండు భాషలూ వచ్చిన మనిషి ఆ కార్యాలయంలో ఉంటే శవం ముందుగా ఇంటికొస్తుంది.

మన దగ్గర పదో తరగతి పాసుకాని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. 18 దేశాలకు వెళ్లాలంటే అలాంటివాడు 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఈ చట్టాన్ని, కువైట్ కార్మిక చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదివించే కోర్సు తెలంగాణలోనో రాయలసీమలోనో కాకపోతే ఎక్కడ పెట్టాలి?

ఉక్రెయిన్ సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేనాటికి అక్కడ వేలమంది మన వైద్య విద్యార్థులు, అందులో తెలుగు పిల్లలు వందల్లో. ఆకాశమార్గం మూసేశారు. విదేశాంగ శాఖ ల్వీవ్, చెర్నివ్‌త్సీ పట్టణాల్లో తాత్కాలిక శిబిరాలు తెరిచి, రష్యన్ మాట్లాడగలిగిన అధికారులను వెతికి మరీ అక్కడికి పంపింది. సరిహద్దు కాపలావాడితో, బస్సు డ్రైవరుతో, రైల్వే స్టేషను మాస్టరుతో మాట్లాడాల్సిన రోజు. వాస్తవవాదం, ఉదారవాదం సిద్ధాంతాలు రెండూ ఆ రాత్రికి పక్కన నిలబడ్డాయి.

"భాష ప్రభుత్వమే నేర్పుతుంది కదా సార్, మేం ముందే ఎందుకు కష్టపడటం?" అని ఒక తెలివైన విద్యార్థి అడగొచ్చు. ఐఎఫ్‌ఎస్ వచ్చిన ముప్పై ఏడుమందికి నేర్పుతుంది. రాని మిగతా లక్షలమంది సంగతి చెప్పు బాబూ. మూడు ప్రయత్నాల తర్వాత పరీక్ష వదిలేసిన కుర్రాడికి సిలబస్ మిగలదు, నేర్చుకున్న జపనీస్ మిగులుతుంది. విదేశాంగ శాఖలోనే దుబాసీల కేడరు వేరే ఉంది. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్ష రాసి అదే శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా చేరి విదేశాల్లో పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను మన పిల్లలు లెక్కలోకే తీసుకోరు. అంతర్జాతీయ న్యాయం చదివినవాళ్లకు లీగల్ అండ్ ట్రీటీస్ డివిజన్ ఉంది. ఐక్యరాజ్యసమితి యువ వృత్తినిపుణుల పరీక్షకు 32 ఏళ్లు దాటనివాళ్లు అర్హులు. కానీ ఏ దేశాలవాళ్లు రాయొచ్చన్న జాబితా ఏటేటా మారుతుంది, మన దేశం అందులో ఉందో లేదో చూసుకోవాలి. ఆ సమితి అధికార భాషలు ఆరు. ఇంగ్లీషు పక్కన ఫ్రెంచో అరబ్బీయో స్పానిషో ఉన్నవాడి దరఖాస్తు తేడాగా కనిపిస్తుంది. పరిశోధన సంస్థలు ఢిల్లీలో చాలా ఉన్నాయి, జీతాలు తక్కువ. హైదరాబాదులో అమెరికన్ కాన్సులేట్ 2008 నుంచీ ఉంది, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉంది. అక్కడ స్థానిక ఉద్యోగులుగా మన పిల్లలు పనిచేస్తున్నారు.

వ్యాపారం సంగతి మరీ మరిచిపోతున్నాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు, భీమవరం రొయ్యల చెరువు గట్టు మీద ఆ వారమే ధర పడింది. ఎగుమతిదారులు వేరే దేశాల మార్కెట్ల కోసం వెతుకులాడారు. ఏ దేశంలో ఏ నిబంధన ఉంది, అక్కడ ఎవరితో మాట్లాడాలి, అక్కడి కొనుగోలుదారు రాసిన మెయిల్లో అసలు అర్థమేమిటి? ఇవి చెప్పగలిగినవాడు ఆ రోజు ఏలూరులో ఉంటే జీతం ఎంతైనా ఇచ్చేవారు. గుంటూరు మిర్చికీ, హైదరాబాదు మందుల కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర పనిముట్లు లేవా అంటే, ఉన్నాయి. విడివిడిగా ఉన్నాయి. తార్నాక దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం పక్కపక్కనే ఉన్నాయి. ఇటువైపు రాజనీతి శాస్త్రం, హిందూ మహాసముద్ర అధ్యయనం. అటువైపు అరబ్బీ, రష్యన్, స్పానిష్, జపనీస్, చైనీస్. మధ్యలో ఒక ప్రహరీ గోడ. రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చని యూజీసీ 2022లో చెప్పింది. ఒకచోటి క్రెడిట్లు మరోచోట లెక్కలోకి తెచ్చే అకడమిక్ బ్యాంకు కూడా వచ్చింది. ఇద్దరు వైస్ ఛాన్సలర్లు ఒక సాయంత్రం టీ తాగుతూ సంతకం పెట్టగలిగిన పని ఇది. ఇటు ఎం.ఏ. చేసే ప్రతి పిల్లా అటు రెండేళ్లు ఒక భాష చదవాలి. ఏ దేశం మీద థీసిస్ రాస్తే ఆ దేశపు భాషలో కనీసం ఒక పత్రిక చదవగలిగి ఉండాలి. అది లేకుండా డిగ్రీ ఇవ్వకూడదని నా ఉద్దేశం. కఠినంగా ఉందని తోటివాళ్లు అంటారు. వియన్నాలో 1754లో చేయగలిగింది ఇవాళ తార్నాకలో చేయలేమా?

ఇంకొకటి. కర్నూలు, కడప, హైదరాబాదుల్లో మదరసాల్లోనూ కాలేజీల్లోనూ అరబ్బీ చదివిన యువకులు ఎందరో ఉన్నారు. వాళ్లను రాజనీతి శాస్త్రం శాఖలు పిలిచి చేర్చుకున్నట్టు నేను చూడలేదు. ఉర్దూ చదవడం వచ్చిన పిల్లకు అరబ్బీ లిపి సగం వచ్చినట్టే. వాళ్ల దగ్గర ఉన్నదాన్ని మతవిద్య ఖాతాలో వేసి పక్కన పెడుతున్నాం. గల్ఫ్ దేశాలతో ఇంత బతుకు ముడిపడ్డ రాష్ట్రాలకు ఇంతకంటే తెలివితక్కువ పని ఉండదు.

జిల్లాల్లో చదివే పిల్లలకు ఒక మాట. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సులు బాగానే వచ్చాయి. ఫీజులు లక్షల్లో ఉన్నాయి. ఆ ఫీజు కట్టలేనందుకు దారి మూసుకుపోయిందనుకోవద్దు. హైదరాబాదు దోమలగూడలో రామకృష్ణ మఠం వారు ఎన్నో ఏళ్లుగా తక్కువ రుసుముకు విదేశీ భాషలు నేర్పుతున్నారు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఒక భాష, ఒక దేశం ఎంచుకోండి. ఆ దేశపు చరిత్ర, పంటలు, ఎన్నికలు, సినిమాలు, మన జిల్లా నుంచి అక్కడికి వెళ్లినవాళ్ల కథలు, దొరికినవన్నీ చదవండి. పరీక్ష రాయండి, తప్పకుండా రాయండి. కానీ దానికి ఒక గడువు మీకు మీరే పెట్టుకోండి. జనరల్ కేటగిరీకి ఆరు ప్రయత్నాలున్నాయని ఆరూ వాడుకోవాలని ఎక్కడా లేదు.

ముగించే ముందు నిర్వాహకులకు ఒక మనవి. మాస్టారి పేర మీరు పెట్టిన నిధికి ఏటా వడ్డీ వస్తుంది. అందులోంచి వక్తకు పారితోషికం, శాలువా, మెమెంటో, హాలు అద్దె, ఫ్లెక్సీ. వచ్చే ఏడాది నుంచి శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ మానేయండి. ఆ డబ్బుతో ఈ కాలేజీలో చదివే ఒక విద్యార్థికో విద్యార్థినికో ఏదైనా విదేశీ భాష కోర్సు ఫీజు కట్టండి. ఎంపిక చేసేటప్పుడు మార్కులు చూడకండి, ఏ దేశం గురించి చదవాలనుకుంటున్నావని అడగండి. ఈ పూట నాకు ఇవ్వబోయే కవరు కూడా ఆ ఖాతాలోనే జమచేయండి. దరఖాస్తులు ఈ జూన్‌లోనే పిలవాలని కోరుతున్నాను.